చీర రంగును ఏ వెలుగులో ఫోటో తీస్తున్నారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల చేనేత, జౌళి శాఖల కమిషనర్లకు, ఆప్కో నిర్వాహకులకు, తెలంగాణ చేనేత సహకార సంస్థ నిర్వాహకులకు



బట్టల కొట్టులో చీర నచ్చిన తరువాత, ధర మాట ఎత్తేముందు మన ఆడవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఒకసారి బయట వెలుతురులో చూపించండి." కొట్టతను విసుక్కోకుండా చీరను గుమ్మం దాకా తీసుకెళ్లి కొంగు విప్పి చూపిస్తాడు. లోపల మిరపపండు ఎరుపులా మెరిసింది బయట మెరూన్‌కు దిగవచ్చు, లోపల నల్లగా కనిపించింది బయట నేవీ బ్లూ అని తేలవచ్చు. దీపం కింద కనిపించే రంగును నమ్మి డబ్బు ఇవ్వకూడదని మన కొనుగోలుదారులకు తరాలుగా తెలుసు. ఇప్పుడు అదే చీరను ఫోన్ తెర మీద చూసి కొంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్నవారైనా, డాలస్‌లో ఉన్నవారైనా ఆ తెరను పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి లాభం లేదు. తెరలో ఉన్నది ఫోటో తీసిన గదిలోని దీపం వెలుగే. కాబట్టి కొనేవారి తరఫున గుమ్మం దాకా వెళ్లి చూసిరావలసిన బాధ్యత ఫోటో తీసేవారి మీద పడింది. ఆ బాధ్యతను వ్యక్తుల ఓపికకు వదిలేయకుండా ఒక నియమంగా మార్చమని అడగడానికే ఈ లేఖ. అమ్మకానికి పెట్టే ప్రతి చేనేత వస్త్రానికీ కనీసం ఒక ఫోటో తెలిసిన దీపం కింద, తటస్థమైన బూడిద రంగు కార్డుతో వైట్ బ్యాలెన్స్ సరిచేసి తీసినదై ఉండాలి. నేను అడిగేది అంతే. దాన్ని ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి మాత్రం కొంత చోటు కావాలి.

ముందుగా ఒక మాట. ఇది ఏ ఒక్క షోరూమ్ మీదా, ఏ ఒక్క వెబ్‌సైట్ మీదా ఫిర్యాదు కాదు. ప్రైవేటు దుకాణాలైనా, సహకార సంఘాలైనా, వాట్సాప్‌లో అమ్మే నేతకారుల కుటుంబాలైనా ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే చోటల్లా మనకు కనిపించే వాక్యం ఒకటుంది: ఫోటోలోని రంగుకూ అసలు రంగుకూ స్వల్ప తేడా ఉండవచ్చు. ఈ వాక్యం రెండు వేరువేరు విషయాలను ఒకే మూటలో కట్టేస్తోంది. చేతి అద్దకంలో ఒక వాయికీ ఇంకో వాయికీ ఛాయ కొంచెం మారుతుంది. అది చేతిపని స్వభావం, దాచవలసిన పని లేదు. ఫోటోలో పసుపు పాలిపోవడం, ఎరుపు ఇటుక రంగుకు తిరగడం మాత్రం చేతిపని స్వభావం కాదు, దీపం తప్పు. మొదటిదాని గౌరవం చాటున రెండోది బతికిపోతోంది. చీర ఇంటికి చేరాక కొన్నవారు తప్పుపట్టేది ఫోటో తీసినవారినీ కాదు, గదిలోని ట్యూబ్‌లైటునూ కాదు. చేనేత రంగులంతే, నమ్మలేం అంటారు. మగ్గం మీద చేయని తప్పుకు మగ్గానికి మాట పడుతోంది.

ఈ తప్పు ఎక్కడ పుడుతుందో చూడాలంటే మన కంటితో మొదలుపెట్టాలి. తెల్ల పంచె ఎండలోనూ తెల్లగా కనిపిస్తుంది, పాతకాలపు ఫిలమెంట్ బల్బు కింద కూడా తెల్లగానే కనిపిస్తుంది. నిజానికి ఆ రెండు చోట్లా పంచె నుంచి కంటికి చేరే కాంతిలో పోలికే లేదు. వెలుగు ఏ రంగు వైపు మొగ్గితే ఆ రంగుకు స్పందించే కణాల చురుకును కన్ను తనంతట తాను తగ్గించుకుంటుంది. ఈ సర్దుబాటుకు జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఫాన్ క్రీస్ 1902లోనే ఒక లెక్క ప్రతిపాదించాడు. కెమెరా సెన్సార్‌కు అలాంటి గుణం లేదు, పడిన కాంతిని పడినట్టు నమోదు చేస్తుంది. దీపం కాంతి ఎంత ఎరుపో, ఎంత నీలమో కెల్విన్లలో చెబుతారు. కొవ్వొత్తి దాదాపు 1900, వంద వాట్ల ఫిలమెంట్ బల్బు 2850కి దగ్గర, ఫ్లాష్ 5500 ప్రాంతం, మన ఇళ్లలో కూల్ డే లైట్ పేరుతో అమ్ముడయ్యే ఎల్ఈడీ ట్యూబ్ 6500. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు జరుగుతుంది. వైట్ బ్యాలెన్స్ అంటే సెన్సార్ పట్టిన ఎరుపు, నీలం పాళ్లను పెంచి తగ్గించి, తెల్లనిది తెల్లగా, బూడిదది బూడిదగా వచ్చేట్టు చూడటం. ఫిల్మ్ రోజుల్లో ఈ పని కోసం బల్బు వెలుగుకు వేరే ఫిల్మ్ కొనేవారు, లేకపోతే లెన్స్ ముందు నీలి ఫిల్టర్ పెట్టేవారు. ఇప్పుడు మెనూలో ఒక అంకె మారిస్తే సరిపోతుంది. ఇంత సులువైపోయినందుకే దాని మీద శ్రద్ధ తగ్గిందేమోనని నా అనుమానం.

ఆ అంకెతోనే పని అయిపోతే నేను లేఖ రాయవలసిన అవసరం ఉండేది కాదు. కెల్విన్ అంకె చెప్పేది వెలుగు మొత్తం మీద ఎటు మొగ్గిందన్నది మాత్రమే. ఆ వెలుగులో ఏ రంగులు ఉన్నాయో, ఏవి లేవో అది చెప్పదు. ఫిలమెంట్ బల్బు వెలుగు పసుపుగా ఉన్నా అందులో ఊదా నుంచి ఎరుపు దాకా అన్ని తరంగాలూ ఎడతెగకుండా ఉంటాయి. తెల్ల ఎల్ఈడీ పుట్టుక వేరు. 450 నానోమీటర్ల ప్రాంతంలో వెలిగే నీలి చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూత పూస్తారు. నీలమూ పసుపూ కలిసి కంటికి తెలుపు అనిపిస్తాయి. నీలి ఎల్ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది, అది వారికి రావలసిందే. చవక ఎల్ఈడీ వెలుగులో మాత్రం రెండు చోట్ల కొరత ఉంటుంది: నీలానికీ ఆకుపచ్చకూ మధ్య 480 నానోమీటర్ల దగ్గర ఒక పల్లం, ఎరుపు చివర ఒక జారుడు. ఈ కొరతలు పడేది ఏ చీరల మీదో చూడండి. మొదటిది నెమలికంఠం రంగు మీద. రెండోది పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు మీద, శ్రీకాళహస్తి కలంకారీలోని ముదురు ఎరుపు మీద, పెళ్లిచీరల మీద. అంటే మనవాళ్లు ఎక్కువగా కోరుకునే రంగుల మీదే దెబ్బ పడుతోంది. శ్రుతి తప్పిన తంబురాను సవరించవచ్చు గాని, తీగ తెగిపోతే బిగించడానికేమీ ఉండదు. దీపంలోనే లేని ఎరుపును వైట్ బ్యాలెన్స్ ఎక్కడి నుంచి తెచ్చిపెడుతుంది? సోడియం వీధిదీపం కింద ఎర్ర కారు గోధుమ రంగులో కనిపించడం చాలామంది చూసే ఉంటారు. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా నయం చేయలేదు.

దీపాల డబ్బాల మీద సీఆర్ఐ అని ఒక అంకె వేస్తారు. రంగులను ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే కొలత అది. నూరుకు ఎంత దగ్గరైతే అంత మేలని సాధారణంగా అనుకుంటాం. అయితే ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. గాఢమైన ఎరుపును ఆర్9 అనే వేరే నమూనాతో విడిగా కొలుస్తారు, సగటులో దాన్ని కలపరు. అందువల్ల డబ్బా మీద సీఆర్ఐ 80 అని ఘనంగా ఉన్న దీపం ఆర్9 దగ్గరికొచ్చేసరికి సున్నా దరిదాపుల్లో ఉండవచ్చు. ఈ లోపం చూసే అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజినీరింగ్ సొసైటీ 2015లో 99 నమూనాలతో టీఎం-30 అనే కొత్త పద్ధతి తెచ్చింది. మన బజారులో మాత్రం ఇప్పటికీ చెల్లుబాటయ్యేది సీఆర్ఐయే. మీ శాఖలు షోరూమ్‌లకైనా, ఫోటో గదులకైనా దీపాలు కొనే టెండర్‌లో సీఆర్ఐ 95కు తగ్గకూడదనీ, ఆర్9 అంకెను విడిగా చూపాలనీ ఒక్క వాక్యం చేర్చడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇప్పుడు అందరూ వేసే మొదటి ప్రశ్న: ఇవన్నీ ఫోనే చూసుకుంటుంది కదా? ఆటో వైట్ బ్యాలెన్స్ ఎలా ఊహిస్తుందో తెలిస్తే ఈ ప్రశ్న బలం సగం తగ్గుతుంది. గదిలో ఏ దీపం ఉందో కెమెరాకు ఎవరూ చెప్పరు, దృశ్యాన్ని చూసి అదే ఊహించుకోవాలి. అందుకు వాడే పాత సూత్రాల్లో ఒకటి బుక్స్‌బామ్ 1980లో ప్రతిపాదించినది: ఏ దృశ్యంలోనైనా అన్ని రంగులనూ సగటు తీస్తే బూడిద రంగు రావాలి, రాకపోతే ఆ తేడా దీపానిదే. వీధిని ఫోటో తీస్తే ఈ ఊహ చాలాసార్లు నెగ్గుతుంది. ఫ్రేమ్ నిండా పసుపు మంగళగిరి చీర పరిచామనుకోండి, సగటు పసుపే వస్తుంది. దీపం పసుపుగా ఉందని కెమెరా భ్రమపడి నీలం కలుపుతుంది, చీర పాలిపోతుంది. అదే ఫ్రేమ్‌లో నీలం చీర పరిస్తే అటు పసుపు కలిపి దాన్ని బూడిద వైపు లాగుతుంది. చీర రంగు ఎంత నిండుగా ఉంటే తప్పు అంత పెద్దది. కొత్త ఫోన్లు ఇంతకంటే చాలా తెలివైనవని ఒప్పుకుంటాను. ముఖాలను గుర్తుపడతాయి, లక్షల ఫోటోల నుంచి నేర్చుకున్న నమూనాలు వాడతాయి, కొన్నింట్లో పరిసరాల వెలుగును విడిగా కొలిచే సెన్సార్లు ఉన్నాయి. అయినా ఒకే చీర ఒంటిని ఒక ఫోటోగా, కొంగును ఇంకో ఫోటోగా, అంచును దగ్గరగా మరో ఫోటోగా తీసినప్పుడు మూడింట్లో మూడు ఛాయలు రావడం ఏ అమ్మకపు పేజీలోనైనా కనిపిస్తుంది. ఫ్రేమ్ మారినప్పుడల్లా ఊహ మారుతుంది మరి. ఇంకో సంగతి, ఆటో పెట్టుకున్న గమ్యం అసలు రంగు కాదు, చూడముచ్చటైన రంగు. కేనన్ కెమెరాల్లో ఆటో వైట్ బ్యాలెన్స్‌కే రెండు రకాలు ఇచ్చారు, ఒకటి దీపపు వెచ్చదనాన్ని కొంత నిలుపుతుంది, రెండోది తెలుపును తెలుపుగా చూపుతుంది. చీరను అమ్మేటప్పుడు ఆ రెండింటిలో ఏది కావాలో కెమెరాను తయారుచేసినవారు నిర్ణయించలేరు.

వెలుగు తెలియని ఫోటో ఏం చేయగలదో 2015 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. బ్రిటన్‌లో ఒక దుకాణంలో తీసిన గౌను ఫోటో అది. కొందరికి నీలమూ నలుపూ, కొందరికి తెలుపూ బంగారమూ. ఒకే ఇంట్లో ఒకే తెర చూసినవారే వాదులాడుకున్నారు. గౌను నిజంగా నీలమూ నలుపే. ఫోటో అతిగా వెలిసిపోయింది, దీపం ఎటువంటిదో చెప్పే ఆనవాలు అందులో లేదు. అందువల్ల చూసినవారి మెదళ్లు ఎవరికి వారు ఒక దీపాన్ని ఊహించుకుని దాన్ని తీసివేసి చూశాయి. దృష్టి శాస్త్రజ్ఞులు ఆ ఫోటో మీద తరువాత ఎన్నో వ్యాసాలు రాశారు. చీరల వ్యాపారానికి అందులోంచి కావలసింది చిన్న సంగతే: ఫ్రేమ్‌లో ఒక బూడిద కార్డు ఉండి ఉంటే ఆ తగాదాకు తావే ఉండేది కాదు.

తరువాత చేసుకోవచ్చు, ఫోటోషాప్‌లో సరిచేస్తాం అనేది రెండో అభ్యంతరం. దేనితో పోల్చి సరిచేస్తారు? కంప్యూటర్ ముందు కూర్చున్నవారి పక్కన ఆ చీర సాధారణంగా ఉండదు. ఉన్నా అది మళ్లీ ఆ గది ట్యూబ్‌లైటు కిందే ఉంటుంది. సెన్సార్ పట్టినదంతా దాచే రా ఫైలుగా తీస్తే వైట్ బ్యాలెన్స్‌ను తరువాత నష్టం లేకుండా మార్చవచ్చు, నిజమే. అమ్మకపు ఫోటోల్లో ఎక్కువ భాగం మాత్రం ఫోన్ నేరుగా ఇచ్చే జేపీజీలు. వాటిలో ఒక రంగు పాళ్లు గరిష్ఠానికి తగిలి ఆగిపోయాయంటే ఆ సమాచారం ఇక లేనట్టే. నిండు ఎరుపు చీరలో మడతల నీడలు కూడా కనబడకుండా ఎర్రటి ముద్దలా వచ్చిన ఫోటోల్లో జరిగింది ఇదే. ఇక రెండు రకాల వెలుగు కలిసిన ఫోటో సంగతి మరీ కష్టం. ఒక పక్క కిటికీ నుంచి పగటి వెలుగు, పైన పసుపు స్పాట్‌లైటు, వెనక ఆకుపచ్చ గోడ నుంచి ప్రతిఫలించే వెలుగు. ఇలాంటి గదిలో చీర ఎడమ అంచుకు సరిపోయే అంకె కుడి అంచుకు సరిపోదు. ఫోటో మొత్తానికి ఒకే వైట్ బ్యాలెన్స్ ఉంటుంది, చీర మీద మాత్రం మూడు వెలుగులు పడ్డాయి. దీనికి మందు కంప్యూటర్‌లో లేదు. కిటికీ మూయాలి, పై దీపాలు ఆర్పాలి, ఒకే రకం దీపాలు వెలిగించాలి.

జరీ గురించి ఇక్కడే చెప్పాలి. నూలుకూ పట్టుకూ తమ రంగు తమకుంటుంది. జరీ లోహపు మెరుపు, ఎదురుగా ఉన్నదాన్ని అద్దంలా పట్టి చూపిస్తుంది. పసుపు స్పాట్‌లైటు కింద వెలిసిన జరీ కూడా బంగారంలా మెరుస్తుంది, 6500 కెల్విన్ ట్యూబ్ కింద మంచి బంగారు జరీ కూడా వెండిలా తేలిపోతుంది. షోరూమ్‌లలో చీరల మీదికి వెచ్చని స్పాట్‌లైట్లు ఎందుకు వేలాడుతాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. గద్వాల, ధర్మవరం చీరల్లో ధరను తేల్చే వాటిలో జరీ ఒకటి గనుక ఈ తేడా అలంకారానికి సంబంధించినది మాత్రమే కాదు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన నెమలికంఠం చీర ఇంకా మొండిది, చూసే కోణాన్నిబట్టి రంగు మారుతుంది. దానికి సరైన రంగు ఒకటే అనడమే తప్పు. వైట్ బ్యాలెన్స్ కదలకుండా ఉంచి రెండు కోణాల్లో రెండు ఫోటోలు తీస్తే, కనిపించే తేడా చీరదే గాని కెమెరా ఊహది కాదని చూసేవారికి నమ్మకం కలుగుతుంది.

మూడో అభ్యంతరం కొంత బరువైనదే. మీరెంత సరిగ్గా తీసినా చూసేవారి తెరలు ఒక్కలా ఉండవు కదా? ఒక ఫోన్ రంగులను గాఢం చేస్తుంది, ఇంకొకరు రాత్రి పసుపు తెర మోడ్ పెట్టుకుంటారు, అప్పుడు మీ కార్డు ఏం చేస్తుంది? నిజమే, చివరి మెట్టు మన చేతిలో లేదు. దానికి తోడు వెబ్‌లో వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలో కొన్ని గాఢమైన నెమలి ఛాయలు అసలు ఇమడవు కూడా. కానీ తెర చేసే తప్పు ఆ తెర మీద కనిపించే ప్రతి చీరకూ ఒకేలా పడుతుంది. తన ఫోన్ రంగులను కొంచెం గాఢం చేస్తుందని వాడేవారికి రోజూ చూసే వస్తువులనుబట్టి అలవాటవుతుంది. ఫోటో తీసే గదిలోని తప్పు అలా కాదు, ఒక చీరకు ఒకలా, పక్క చీరకు ఇంకోలా ఉంటుంది. దానికి అలవాటు పడే దారే లేదు. పేజీలోని చీరలన్నీ ఒకే కొలతతో తీసి ఉంటే, ఈ రెండు ఎరుపుల్లో ఏది ముదురు, ఈ అంచు ఆ జాకెట్టు గుడ్డకు నప్పుతుందా అనే పోలికలు ఏ తెర మీదైనా చాలావరకు నిలబడతాయి. కొనేవారికి కావలసింది ముఖ్యంగా ఆ పోలికే.

అన్నిటికంటే నాకు ఆసక్తి కలిగించిన వాదన వేరే ఉంది. చీర కట్టుకునేది ఎండలో కాదు కదా, ఫంక్షన్ హాల్ దీపాల కింద, అలాంటప్పుడు పగటి వెలుగు రంగే అసలు రంగు అని ఎవరు నిర్ణయించారు? రంగు వస్తువులోనే కాదు, వస్తువుకూ వెలుగుకూ మధ్య ఉంటుందన్న అర్థంలో ఈ ప్రశ్న న్యాయమైనదే. రెండు అద్దకాలు ఒక దీపం కింద అచ్చంగా ఒకే రంగులో కనిపించి ఇంకో దీపం కింద విడిపోవడం బట్టల పరిశ్రమకు పాత తలనొప్పి. అందుకే మిల్లు బట్టల వ్యాపారంలో, ఎగుమతుల్లో, ఛాయను లైట్ బాక్స్‌లో పెట్టి డి65 అనే పగటి వెలుగు కింద, దుకాణాల ట్యూబ్‌లైటును పోలిన టీఎల్84 కింద, ఫిలమెంట్ బల్బును పోలిన వెలుగు కింద విడివిడిగా చూస్తారు. అయితే హాల్‌లో ఉన్నవారి కళ్లు హాల్ వెలుగుకు సర్దుకుని ఉంటాయి. ఫోన్ చూస్తున్నవారి కళ్లు ఫోన్ తెలుపుకు సర్దుకుని ఉంటాయి. హాల్ పసుపును ఫోటోలో అలాగే వదిలేస్తే హాల్‌లో ఎవరికీ కనబడనంత పసుపు తెర మీద కనిపిస్తుంది. అందరూ ఒప్పుకునే ఒక ప్రామాణిక వెలుగు ఉండి, దాని పక్కన "సాయంత్రపు దీపాల కింద" అని రాసి రెండో ఫోటో పెడితే నాకు అభ్యంతరం లేదు సరికదా, అది మరింత మర్యాదైన అమ్మకం అంటాను. మోడల్ కట్టుకుని, వెనక దీపాల వరుసలతో తీసే అందమైన ఫోటోలు కూడా ఉండనివ్వండి. వాటి పని ఆశ పుట్టించడం. రంగు చెప్పే పని వేరే ఫోటోకు అప్పగించమంటున్నాను.

ఆ ఫోటో ఎలా తీయాలో ఇంతవరకూ అక్కడక్కడా చెప్పుకుంటూ వచ్చాను. ఆచరణలో చిక్కులు కొన్ని చిన్నవి, కొన్ని గమ్మత్తైనవి. బూడిద కార్డు చీర ఉన్న తలంలోనే, చీర మీద పడే వెలుగే దాని మీదా పడేట్టు ఉంచాలి, పక్కకు వాల్చి పెడితే గోడ రంగును కొలిచినట్టవుతుంది. కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకున్నాక ఆ వరుస చీరలన్నీ అయ్యేదాకా దాన్ని కదపకూడదు. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే కెల్విన్ అంకెను స్థిరం చేయవచ్చు. అయితే కెల్విన్ జరిపే అక్షం నీలం-పసుపు ఒకటే. ఎల్ఈడీ, ట్యూబ్‌లైట్లలో తరచు ఉండే ఆకుపచ్చ ఛాయ పోవాలంటే టింట్ అనే రెండో అక్షం కూడా సవరించాలి. కార్డును మొదటి ఫోటోలో ఉంచితే తరువాత ఆ రెండింటినీ ఒకేసారి సరిచేయవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ గనుక చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. షట్టర్ మరీ వేగంగా పెడితే ఫోటోలో చారలు పడతాయి, 1/50 లేదా 1/100 పెడితే ఆ బెడద తగ్గుతుంది. కార్డు కొనడం ఎందుకు, తెల్ల కాగితం చాలదా అని అడిగేవారుంటారు. చాలదు. తెల్ల కాగితానికీ, ఉతికి నీలిమందు పెట్టిన పంచెకూ తెలుపు పెంచే రసాయనాలు కలిసి ఉంటాయి. కాగితంలోని రసాయనాలు అతినీలలోహిత కాంతిని మింగి నీలంగా వెలుగుతాయి, అందుకే ఎండలో ఒక తెలుపు, ఎల్ఈడీ కింద ఇంకో తెలుపు. ఇక పొందూరు ఖద్దరును తెలుపుగా లెక్కవేసి బ్యాలెన్స్ చేశారంటే, ఆ నూలుకు సహజంగా ఉన్న మీగడ ఛాయను మీ చేతులతో మీరే తుడిచేసినట్టు. ఆ గుడ్డకు విలువ తెచ్చినవాటిలో ఆ ఛాయ కూడా ఒకటి!

ఖర్చు మాటకు వస్తే, ఒక్కో నేతకారుడూ దీపాలు, కార్డులు కొనుక్కోవాలని నేననడం లేదు, అనకూడదు కూడా. మగ్గం గది ఫోటో గది కాదు. వీవర్స్ సొసైటీకి ఒక గది చాలు: లేత బూడిద రంగు గోడలు, మూసే కిటికీలు, సీఆర్ఐ 95 దాటిన రెండు దీపాలు, వాటి ముందు వెలుగును మెత్తబరిచే పెద్ద గుడ్డ, ఒక బూడిద కార్డు, వీలైతే 1976 నుంచి వాడుకలో ఉన్న 24 రంగుల గళ్ల చార్టు ఒకటి. ఐదున్నర మీటర్ల చీర మొత్తాన్ని రెండు దీపాలు సమంగా వెలిగించలేవు. అందుకని మడతపెట్టిన ఒళ్లు, కొంగు, అంచు ఒకే ఫ్రేమ్‌లో వచ్చేట్టు పరిస్తే సరిపోతుంది. కుట్టుమిషన్ నేర్పినట్టు రెండు రోజుల్లో నేర్పవచ్చని చెప్పను గాని, సంఘంలో ఇప్పటికే ఫోన్‌తో ఫోటోలు తీసి పెడుతున్న కుర్రవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. దీపాలు దొరకని చోట వసారా నీడలో, ఎండ నేరుగా పడని చోట, కార్డు పెట్టి తీసినా మంచిదే. నీడ వెలుగు నీలంగా ఉన్నా అందులో అన్ని తరంగాలూ ఉంటాయి గనుక కార్డు దాన్ని సరిచేస్తుంది. చవక ట్యూబ్ కింద తీసినదానికంటే అది ఎన్నో రెట్లు నమ్మదగినది. వానాకాలంలోనూ రాత్రిపూటా తీయలేకపోవడం ఒక్కటే దాని లోటు.

ఇదంతా సంస్థల ఇష్టానికి వదలకుండా మీరు ఎందుకు పూనుకోవాలి అంటే, చట్టం ఇప్పటికే ఆ దిక్కు చూపిస్తోంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ప్రకటనలోని వివరాలు వస్తువు అసలు లక్షణాలకు తగినట్టు ఉండాలి, ప్రకటించినట్టు లేని వస్తువును తిరిగి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. చీర విషయంలో రంగు లక్షణం కాకపోతే ఇంకేది లక్షణం? స్వల్ప తేడా వాక్యం ఎంతకాలం అడ్డు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. దానికి బదులు ఫోటో కింద "ప్రామాణిక వెలుగులో, కార్డుతో సరిచూసినది" అని రాయగలిగితే అమ్మేవారికీ అది రక్షణే. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు సాధించుకున్నాం. అది నకళ్ల నుంచి పేరును కాపాడుతుంది, తప్పు ఫోటో నుంచి రంగును కాపాడలేదు.

ఒకేసారి రెండు రాష్ట్రాలంతటా చేయమని కోరడం లేదు. రాష్ట్రానికి ఒక్కొక్క క్లస్టర్ తీసుకోండి, ఎరుపులూ నెమలి రంగులూ జరీ అంచులూ ఎక్కువగా నేసే చోటైతే పరీక్ష గట్టిగా జరుగుతుంది. అక్కడి చీరల్లో సగం పాత పద్ధతిలోనే ఫోటో తీయించండి, సగం కొత్త గదిలో తీయించండి. రంగు నచ్చలేదని తిరిగొచ్చిన చీరలు రెండు గుంపుల్లో ఎన్నెన్నో ఆరు నెలలు లెక్కపెట్టండి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం నాడు ఆ రెండు అంకెలనూ ప్రకటించండి. తేడా లేదని తేలితే నా వాదనను పక్కన పెట్టవచ్చు. తేడా ఉందని తేలితే, దీపాల టెండర్‌లో ఆర్9 గురించి ఆ ఒక్క వాక్యం చేర్చడం మరిచిపోకండి.

ఇట్లు,
చేనేత బట్టలు కొనే ఒక పౌరుడు